బీర అడిగితే కాకర

కాకర ఎక్కణ్ణుంచి వచ్చింది, సాత్విక్ అడిగింది బీర కదా, బీర అనే అన్నాడు, అన్నప్పుడు వెనక బెంచీల మీది తొమ్మిదో తరగతి వెధవలు దాని చివర కొమ్మొకటి తగిలించుకుని కిసుక్కున నవ్వారు కూడా, నేను స్టేజీ మీంచే కళ్ళెర్రజేశాను, కాబట్టి నా చెవులు తప్పు వినలేదు, వంగ, బెండ, దొండ, బీర, ఈ నాలుగు కూరగాయల పేర్లూ పెట్టి అమ్మ మీద పద్యం చెప్పండి అవధానిగారూ అని సాత్విక్ మొదటి విడతలో అడిగాడు, దీన్ని దత్తపది అంటారు, ఇచ్చిన మాటల్తో అప్పటికప్పుడు పద్యం అల్లాలి, విడతకో పాదం చొప్పున మా శాంభవి వంగనీ బెండనీ దొండనీ కుదురుగా కూర్చుకుంటూ వచ్చింది, ఇప్పుడీ నాలుగో విడతలో కళ్ళు మూసుకుని మైకు దగ్గరకు లాక్కుని కాకరైన తీపి కాదె తల్లి అని ముగించింది, షామియానా కింద ఊరు ఊరంతా చప్పట్లు, విజయవాడ నుంచి వచ్చిన ముఖ్య అతిథి శరత్‌చంద్ర గారు ఆహా అన్నారు, నేనూ ఆహా అనబోయి ఆ దగ్గరే ఆగిపోయాను, హా రాలేదు, అడగని కాయ ఎలా కాసిందీ అని సాత్విక్ వైపు చూస్తే వాడు చొక్కా గుండీలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించేశాడు, వాడి చెవులు మాత్రం టమాటాల్లా ఉన్నాయి, అంటే మైకు చూడగానే నోరెండిపోయి, వాడికి అప్పజెప్పిన కాకర మర్చిపోయి, నోటికందిన బీర అనేశాడన్నమాట, ఆ పిల్ల వాడేమన్నాడో వినకుండా తనకు అప్పజెప్పిన కాకరే వడ్డించేసిందన్నమాట, అంటే ముందే, అంటే వీళ్ళిద్దరూ ముందే, అబ్బే, వీళ్ళిద్దరే అయితే మిగతా వాళ్ళు నా కళ్ళలోకి చూడరేం.

అవధానంలో ఉన్న అందమంతా అక్కడే కదా, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుని ఎవరికి తోచింది వాళ్ళు అడుగుతుంటే మధ్యలో ఒక్క మనిషి అందరికీ జవాబు చెప్పడం, చివర్న చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని ధారణ పేరుతో మళ్ళీ ఒప్పజెప్పడం, ఆ ఎనిమిది మందిలోనూ ఒకడు పద్యం అడగడు, చెడగొట్టడమే వాడి పని, అవధాని నిదానంగా పాదం అల్లుకుంటుంటే మధ్యలో దూరి ఏమండీ దోమల మందు ఏ రాగంలో కొట్టాలి అంటాడు, వాణ్ణి అప్రస్తుత ప్రసంగి అంటారు, కంకిపాడులో ఆ పదవికి నాకు పోటీ లేదు, అబ్దుల్ రహ్మాన్, తెలుగు పండితుడు, ప్రస్తుతం పాఠం చెబుతాను, అప్రస్తుతం మిగతావన్నీ చెబుతాను, ఈ బడిలో సైన్సు క్లబ్బుంది, మొక్కలు నాటి ఫొటో దిగి మర్చిపోయే ఎకో క్లబ్బుంది, తెలుగు క్లబ్బు కూడా పెడతానని నేనన్నప్పుడు ఒక తండ్రి పరిగెత్తుకొచ్చి, ఏమండీ మాస్టారూ, మావాణ్ణి క్లబ్బులో చేర్చారంటగా, ఆళ్ళ తాత క్లబ్బులోనే కదండీ చేలన్నీ పోగొట్టింది అన్నాడు, అయ్యా ఇక్కడ ముక్కలు పంచరండీ, వాక్యాల్ని ముక్కలు చేస్తారంతే అని ఆయన్ని చల్లబరిచాను, శనివారం మధ్యాహ్నం లైబ్రరీ గదిలో మొదలెట్టాం, ముందు సమోసాపూరణం జరిగితే గానీ సమస్యాపూరణం జరిగేది కాదు, నవ్వేవాళ్ళు, గణాలు తప్పితే నవ్వేవాళ్ళు, యతి తప్పితే ఇంకా గట్టిగా నవ్వేవాళ్ళు, క్లబ్బుకి నేను పెట్టిన రూలొక్కటే, తప్పినవాడు అందరికంటే ముందు తనే నవ్వాలి, అప్పుడు పక్కవాడి నవ్వు గుచ్చుకోదు, ఆ రూలు ఎవరికీ కష్టం కాలేదు, ఒక్క శాంభవికి తప్ప, ఆ పిల్ల నవ్వేది కాదు, తప్పిన చోటికి మళ్ళీ వెళ్ళి కిటికీ ఊచల మీద వేలితో గణాలు కొట్టుకుంటూ నిలబడేది, వాళ్ళమ్మ ఒకసారి బడికొచ్చి, వంటింట్లో కూడా గరిటె పెట్టి గిన్నెల మీద గురువూ లఘువూ అంటుందండీ, గిన్నెలు సొట్టలు పోతన్నాయి, మీరే చెప్పాలి అంది, నేను ఉబ్బిపోయాను, అంతకంటే బిరుదేముంటుంది నాకు.

అనుమానం రావాల్సింది నాకు, వచ్చింది కూడా, కాకపోతే దారి తప్పి వచ్చింది, పది రోజులుగా నేను లైబ్రరీ గదిలో అడుగు పెట్టగానే అందరూ గప్‌చుప్, వినీల కాగితం కింద పెట్టేయడం, జోయెల్ ఉన్నట్టుండి కిటికీలోంచి వాతావరణం చూడడం, ఓహో వచ్చే వారం నా పుట్టినరోజు కదా, పిల్లలేదో సర్‌ప్రైజు ప్లాను చేస్తున్నారు పాపం అనుకుని పైకి తెలియనట్టు నటించాను, ఇంటికెళ్ళి అద్దం ముందు ఆశ్చర్యపోవడం ప్రాక్టీసు చేశాను, మా ఆవిడ ఫౌజియా చూసి, ఎందుకండీ కళ్ళలా పెద్దవి చేస్తున్నారు, బీపీ బిళ్ళ వేసుకున్నారా లేదా అంది, హెడ్మిస్ట్రెస్ రమాసుందరి గారు నన్ను పిలిచి, మీకు రిహార్సలెందుకు మాస్టారూ, మీరు పుట్టడమే రిహార్సల్ లేకుండా పుట్టారు, డైరెక్టుగా స్టేజీ మీదికొచ్చేయండి అంటే అదీ పొగడ్తే అనుకున్నాను, గుమ్మం బయట నిలబెట్టి తలుపేసుకుంటే నాకు కాపలా ఉద్యోగం ఇచ్చారని పొంగిపోయినట్టుంది నా సంగతి, ఇందాకటి కప్ప కూడా అంతేనా అయితే, అయ్యో ఆ కప్ప, కాలువెండిపోవ కప్ప నవ్వె అని వినీల సమస్య ఇచ్చింది, కాలువ ఎండితే కప్ప ఏడవాలి గానీ నవ్వడమేమిటి, ఆ చిక్కు విప్పాలి, నేను కూడా కుర్చీలో ముందుకు జరిగి ఎలా విప్పుతుందో అని గోళ్ళు కొరుక్కున్నాను, శాంభవి తాపీగా నీరు కదలి పోయి నిండెను చేలల, గట్టు దాటి దూకి గంతులేసి, పచ్చ చేను నడుమ పాపతో కూర్చుండి, కాలువెండిపోవ కప్ప నవ్వె అని పూరించింది, నీళ్ళు చేలోకి పోయాయి, కప్పా చేలోకి పోయింది, ఇంకేం బాధ, నా కళ్ళలోకి కూడా నీళ్ళు పోయాయి, అందరి ముందూ జేబురుమాలు తీసి తుడుచుకున్నాను, ఫోన్లలో వీడియోలు తీస్తున్నవాళ్ళు నా వైపు కూడా తిప్పారు, ఇప్పుడా రుమాలు జేబులో తడిగా తొడకు తగులుతోంది, ఆ గంతులేసి అనే మాట శాంభవిది కాదు, ఇప్పుడు తెలుస్తోంది, అది నాగేశ్వరరావుది, బడి పత్రికలో అతను రాసే ప్రతి పద్యంలోనూ ఏదో ఒకటి గంతులేస్తుంది, దూడ, మనసు, చంద్రయాన్ అన్నీ గంతులేస్తాయి.

నాగేశ్వరరావు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు, లెక్కల మాస్టారు, తేదీ చెప్పి ఏ వారమో అడిగే పృచ్ఛకుడు, ఇన్నేళ్ళుగా పొద్దున్నే అతని బండి వెనక కూర్చుని బడికొస్తున్నాను, నేను మాట్లాడుతుంటే అతను ఊఁ కొడతాడు, రంజానుకి ఫౌజియా చేసే షీర్ ఖుర్మా రెండోసారి అడిగి పోయించుకుంటాడు, ఈ పది రోజులూ అతని ఊఁలో దీర్ఘం తగ్గిందని గమనించి పాపం షుగరేమో అనుకున్నాను, ఇప్పుడు నా మొహం చూసి సంగతి కనిపెట్టినట్టున్నాడు, మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టి నా చెవిలోకి వంగి, రహ్మాన్ గారూ, మీకు దణ్ణం పెడతా, ఇప్పుడేం అనబాకండి అన్నాడు, ఏమన్నాను నేను, మీ మొహం అంటందండీ, సాత్విక్ గాడు చెడగొట్టాడు, ఎవరూ కనిపెట్టలా, మీరొక్కళ్ళే, ఊరుకోండి, మరి ఎన్ని అన్నాను, ఎన్నేంటండీ, ఎన్ని ప్రశ్నలు ముందే ఇచ్చారు, మీవి తప్ప అన్నీ అన్నాడు, పద్యాలెవరివి, నావే, పిల్లకి ధైర్యం చాలక ఆమధ్య ఏడ్చిందండీ, శరత్‌చంద్ర గారొస్తున్నారు, నచ్చితే విజయవాడలో పెద్ద సభలో చేయిస్తానన్నారు, స్టేజీ మీద ఆగిపోతే పిల్ల పరువూ బడి పరువూ ఏం కావాలి, మేడం గారు కూడా సరే అన్నారు, మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను, మీ నిజాయితీకి భయపడ్డామండీ అంటాడని ఆశ, మీరు ఒప్పుకోరని తెలుసండీ అంటాడని ఆశ, ఆ మాట అనుంటే సగం కోపం అక్కడే కరిగిపోయేది, మీ నోరు ఆగదు కదండీ అన్నాడు, మీ చెవిన పడితే సాయంత్రానికి దాని మీద జోకు పుట్టద్ది, తెల్లారేసరికి ఉయ్యూరు దాకా వెళ్ళుద్ది, అదీ సంగతి, ఇన్నేళ్ళ స్నేహంలో లెక్కల మాస్టారి లెక్కలో నా విలువ అది, నిప్పు లాంటి మనిషినని కాదు, మూత లేని గిన్నెనని, సరే, మరి పిల్లలు, పిల్లలెలా దాచారు నాగేశ్వరరావు గారూ, వాళ్ళు నా పిల్లలు కదా, అతను చెయ్యి ఇంకాస్త అడ్డం పెట్టి, శాంభవే అడిగిందండీ, రహ్మాన్ మాస్టారికి మాత్రం చెప్పొద్దని అంది.

మాత్రం, ఎంత చిన్న మాట, పండితుణ్ణి, దాని వ్యుత్పత్తి చెప్పగలను, అది ఇలా పక్కటెముకల మధ్య దిగుతుందని ఏ నిఘంటువులోనూ లేదు, పృచ్ఛకులంతా పుచ్చులే అన్నమాట, కూర కోసేటప్పుడు వంకాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఆశుకవిత్వం అనుకుని నేను కన్నీళ్ళు పెట్టుకున్నది నిన్నటి పాచికవిత్వం, అదిగో నా నోట్లో ఒక జోకు పుట్టేసింది, నేను పుట్టించలేదు, దానంతటదే వచ్చి నాలుక చివర కూర్చుంది, అవధానిగారూ, సాత్విక్ గారు ఆర్డరిచ్చింది బీరకాయ, మీరు తెచ్చి పెట్టింది కాకరకాయ, ఇదేం హోటలండీ, వంట పొద్దున్నే అయిపోయిందా, అంతే, నా జన్మలో ఇంత నున్నటి జోకు పడలేదు, అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు, చెడగొట్టడం నా పాత్ర, అందుకే మైకిచ్చి కూర్చోబెట్టారు, ఈ విడతలో నా వంతు ఇంకా మిగిలే ఉంది, అనేస్తే షామియానా ముందు నవ్వుద్ది, తర్వాత ఎవరో ఒకరు నిజమేగా బీర కదా అంటారు, ఫోనులో వీడియో వెనక్కి తిప్పి చూస్తారు, శరత్‌చంద్ర గారు కళ్ళజోడు తీస్తారు, రమాసుందరి గారి మొహం మాడుద్ది, నాగేశ్వరరావు పద్యాలన్నీ అక్కడికక్కడే గంతులాపేస్తాయి, నా మనసుకి చల్లగా ఉంటుంది, ఆ పిల్ల ఆ స్టేజీ మీద పదో తరగతి పట్టుపరికిణీలో మధ్యలో కూర్చుని ఉంటుంది, ఆ తర్వాత జన్మలో నోరు తెరవదు, ఇటు చూడమ్మా ఒకసారి, చూడదు, మైకు తీగ చుట్టూ వేలు తిప్పుకుంటోంది, చెప్పొద్దన్నావా నాకు, గిన్నెలు సొట్టలు పోయేదాకా ఎవరికోసం కొట్టావే మరి.

ఇప్పుడు చివరి విడత అప్రస్తుత ప్రసంగం, రహ్మాన్ మాస్టారూ ప్లీజ్ అని జోయెల్ మైకులో అన్నాడు, జనం నా పేరు వినగానే ముందే నవ్వడం మొదలెట్టారు, అలవాటు, పెళ్ళిళ్ళలో కూడా నేను పలావు అడిగినా నవ్వుతారు, నాగేశ్వరరావు మోకాలు నా మోకాలికి గుద్దుకుంది, నేను మైకు తీసుకున్నాను, జోకు నాలుక చివరే ఉంది, దాన్ని మింగాను, మాత్ర మింగినట్టు మింగాను, మాత్రం కూడా దాంతోనే మింగాను, మింగి, అమ్మా అవధానిగారూ, మీ పద్యం విన్నాను, బాగుంది, కానీ నాకు కాకర పడదమ్మా, చేదు, మా ఫౌజియా బేగం బీరకాయ తినమంటోంది, నాకోసం ఆ అమ్మ మీదే ఇంకొక్క పాదం, బీరతో, చెబుతారా అన్నాను, జనం నవ్వారు, పాపం ముసలాయన పథ్యం అనుకున్నారు, ముందు వరసలో ఒకాయన, ఈయనొకడు, మధ్యలో కూరగాయల బేరం అన్నాడు, శరత్‌చంద్ర గారికి ఫోనొచ్చి పక్కకి తిరిగారు, శాంభవి తలెత్తింది, అప్పుడు చూసింది నన్ను, ఆ చూపులో అన్నీ ఉన్నాయి, నాకు తెలుసని తెలిసిపోయింది, పెదాలు మాస్టారూ అన్నాయి, శబ్దం రాలేదు, నేను నవ్వలేదు, కన్నెర్రజేయలేదు, ఊరికే చూశాను, నవ్వులు ఆగాయి, దగ్గులు మొదలయ్యాయి, ఎవరో పసివాడు ఏడిస్తే తల్లి బయటికి తీసుకెళ్ళింది, రమాసుందరి గారు వాచీ చూసుకుని, పోనీలెండి మాస్టారూ అప్రస్తుతమే కదా, ధారణకి వెళ్దాం అన్నారు, అంతలో ఆ పిల్ల కుడిచేతి వేళ్ళు బల్ల అంచు మీద కదిలాయి, ఇందాకట్నుంచీ ఏ పద్యానికీ కదలని వేళ్ళు, ఒకసారి కొట్టి ఆగింది, చెరిపేసినట్టు అరచేత్తో బల్ల తుడిచింది, మళ్ళీ కొట్టింది, నుదుటి మీద చెమట కనుబొమ్మ దాకా దిగింది, తుడుచుకోలేదు, బీరపొట్టు తినును బిడ్డ కొరకు, అంది, చాలా మెల్లిగా అంది, మైకు కూడా సరిగ్గా అందుకోలేదు.

బీరపొట్టు తినును బిడ్డ కొరకు, ఒక్క గణం తప్పలేదు, యతి అతికినట్టు కూర్చుంది, అదొక్కటేనా, ఆ కాకరైన తీపి అనేది పెళ్ళి కార్డు మీద వేసుకునే మాట, ఏ అమ్మకైనా అంటించొచ్చు, ఇది అలా కాదు, కాయలోని కండంతా పిల్ల కంచంలోకి వెళ్ళాక గిన్నెలో మిగిలిన పొట్టు నూరుకుని తినే అమ్మని ఏ లెక్కల మాస్టారూ ఊహించలేడు, వంటింట్లో నిలబడి చూసిన పిల్లే చెప్పాలి, నేను చప్పట్లు కొట్టాను, నా చప్పట్లే నాకు వినపడ్డాయి, మర్యాదకి ఇంకో నలుగురు కలిశారు, ముందు వరసాయన, పొట్టేంటండీ బాబూ అన్నాడు, ఫోను ముగించుకుని వచ్చిన శరత్‌చంద్ర గారు ఏమైంది అని అడిగితే రమాసుందరి గారు, ఏం లేదండీ, మా రహ్మాన్ గారి సరదా అన్నారు, నాగేశ్వరరావు ఊపిరి వదిలి, హమ్మయ్య, పెద్దమనసు చేసుకున్నారండీ అని నా భుజం తట్టాడు, ఆ చెయ్యి తీసెయ్యాలనిపించింది, తీసెయ్యలేదు, శాంభవి నా వైపు చూస్తుందనుకున్నాను, చూడలేదు, ఆ పాదం చెప్పగానే దాని చూపు తిన్నగా నాగేశ్వరరావు మీదికి వెళ్ళింది, తప్పు చేశానా సార్, అడగనిది చెప్పానా అన్నట్టు, అతను పర్లేదు కానివ్వమ్మా అని తలూపాడు, అప్పుడు కుదుటపడింది, కుదుటపడి ధారణ మొదలెట్టింది, చెప్పినవన్నీ మళ్ళీ ఒప్పజెప్పడం, కప్ప పద్యం గడగడా, వర్ణన గడగడా, దత్తపది దగ్గరకొచ్చింది, నేను కుర్చీ అంచుకి జరిగాను, వంగ పాదం, బెండ పాదం, దొండ పాదం, ఆగింది, ఆగిందని నేనొక్కణ్ణే గమనించాను, ఒక్క అరక్షణం, కాకరైన తీపి కాదె తల్లి అంది, సభంతా లేచి నిలబడింది, నాగేశ్వరరావు లేచాడు, శరత్‌చంద్ర గారు శాలువా విప్పుకుంటూ, ఈ అమ్మాయిని విజయవాడ తీసుకెళ్తున్నా అన్నారు, పిల్ల నవ్వింది, అచ్చం బతికి బయటపడ్డ మనిషి నవ్వు, నాకు మాత్రం చెప్పొద్దని ఎందుకందో ఇప్పుడు తెలిసింది నాకు, నా నోటికి భయపడి కాదు, నాకు చెబితే నువ్వు చెప్పగలవమ్మా అంటాను గనక, ఆ ఒక్క మాటే దానికి వినబుద్ధి కాలేదు గనక, ఇంత పెద్ద షామియానా కింద శాంభవికి పద్యం వచ్చని నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే, శాంభవి కూడా నమ్మలేదు.